పదకొండేళ్ల పాప, పదిహేనేళ్ల అబ్బాయి: కొత్త నవలల్లో ఏవి ఇవ్వొచ్చు?

#1 సాయంకాలం

అందరికీ నమస్కారం. ఇద్దరు పిల్లలకి నవలలు చెప్పిపెట్టాలి మీరు.

ఒకరు మా అక్క కూతురు, పదకొండేళ్లు. సినిమా చూసొచ్చాక పీటర్ బ్రౌన్ రాసిన 'ద వైల్డ్ రోబో' పట్టుకుంది. మూడు నవలలూ ఊదిపారేసి, ఇప్పుడు మొదటిది మళ్లీ తిరగేస్తోంది. "పిన్నీ, ఇలాంటిదే ఇంకోటి" అని ఒకటే గోల. ఇలాంటిది అంటే ఎలాంటిదే తల్లీ అంటే, "ఇలాంటిదే" అంటుంది.

రెండోవాడు మా అబ్బాయి, పదిహేను. చిన్నప్పుడు బాగానే చదివేవాడు. ఇప్పుడు ఏది చేతిలో పెట్టినా నాలుగు పేజీలు తిప్పి "బోర్" అని పక్కన పడేస్తున్నాడు. బాస్కెట్‌బాల్ ఆడతాడు. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని క్రైమ్ పాడ్‌కాస్ట్‌లు వింటాడు. అంతకుమించి వాడి మనసులో ఏముందో మాకు తెలీదు.

ఒక్క మనవి. ఎవర్నడిగినా నేను కాలేజీలో ఉన్నప్పుడు విన్న పేర్లే చెబుతున్నారు. అవన్నీ ఇంట్లోనే ఉన్నాయి, దుమ్ము కొట్టుకుంటూ. గత పదేళ్లలో వచ్చినవి చెప్పండి. కథ రెండు ముక్కల్లో చాలు, ముగింపు మాత్రం వద్దు. నేనూ చదువుతాను.

#2 గురుడిచుట్టూ

పాపకి కళ్లు మూసుకుని 'ఎ రోవర్స్ స్టోరీ' ఇచ్చేయండి. జాస్మిన్ వర్గా, 2022. అంగారకుడి మీదకి పంపబోయే రోవర్, అంటే చక్రాల మీద తిరిగే రోబో, తన కథ తనే చెబుతుంది. ముందు ల్యాబ్‌లో పరీక్షలు, తర్వాత ప్రయాణం, తర్వాత ఆ ఎర్ర నేల. దాన్ని తయారుచేసిన సైంటిస్టుల్లో ఒకావిడకి కూతురుంటుంది. ఆ పిల్ల రోవర్‌కి ఉత్తరాలు రాస్తూ ఉంటుంది. అమ్మ ఇంటికన్నా ల్యాబ్‌లోనే ఎక్కువసేపు ఉంటుందన్న ఉక్రోషం ఆ ఉత్తరాల్లో ఎక్కడా సూటిగా ఉండదు, కానీ తెలిసిపోతుంది. నేను పెద్దవాణ్ణే, నాకూ గొంతు పట్టేసింది.

అది నచ్చితే తర్వాత ఎరిన్ ఎంట్రాడా కెల్లీ రాసిన 'ద ఫస్ట్ స్టేట్ ఆఫ్ బీయింగ్'. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ 2025లో వచ్చింది దీనికే. కథ 1999 ఆగస్టులో. 2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనం బెంబేలెత్తిన రోజులు గుర్తున్నాయిగా. అమ్మకి సాయంగా ఉంటుందని ఓ పిల్లాడు దుకాణంలో సరుకులు కొట్టేసి మంచం కింద దాస్తుంటాడు. అప్పుడు భవిష్యత్తు నుంచి ఇంకో కుర్రాడు ఊడిపడతాడు. మన పిల్లాడు అడిగేది ఒక్కటే, ముందేం జరగబోతోందో చెప్పమని. టెన్షన్ పడే పిల్లలకి ఇంతకన్నా మంచి పుస్తకం ఈమధ్య నా కంట పడలేదు.

#3 రెండోబెంచీ

గురుడిగారు చెప్పిన రెండూ మంచివే. కానీ ఆ పాప "ఇలాంటిదే" అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. నేను స్కూలు లైబ్రరీ చూస్తాను, రోజూ వినే మాటే ఇది. రోబో కథ నచ్చిందంటే ఇంకో రోబో కథ ఇస్తాం. సగంసార్లు తిప్పి తెచ్చేస్తారు. ఎందుకంటే వాళ్లకి నచ్చింది రోబో కాకపోవచ్చు.

'వైల్డ్ రోబో'లోనే చూడండి. రెండు మూడు పేజీలకో చాప్టర్ అయిపోతుంది, మధ్యమధ్య బొమ్మలు. కొందరికి నచ్చేది ఆ వేగం. ఇంకొందరికి ఆ దీవి, అడవి. కొందరికి బాతుపిల్లని రోబో పెంచుకోవడం, అంటే అమ్మ కథ. మరికొందరికి జంతువులు మాట్లాడుకోవడం. ఒక్కోదానికీ తర్వాత ఇవ్వాల్సిన పుస్తకం వేరు.

మీరు పాపని "ఎందుకు నచ్చింది?" అని అడక్కండి, అది పరీక్ష ప్రశ్నలా వినిపిస్తుంది. మళ్లీ చదువుతోంది అన్నారుగా. ఏ చోటికి తిప్పి చదువుతోందో చూడండి. లేదంటే "మీ ఫ్రెండుకి ఒక్క చాప్టర్ చదివి వినిపించాలంటే ఏది వినిపిస్తావ్?" అనండి. జవాబు ఇక్కడ పెట్టండి, అప్పుడు చెబుతాను.

అబ్బాయి సంగతి ఇంకొకరు చూసుకోండి. ఆ వయసు వాళ్లకి నా మాట అస్సలు రుచించదు.

#4 పేజీమడత

అబ్బాయి డ్యూటీ నాది!

క్రైమ్ పాడ్‌కాస్ట్‌లు వింటాడంటే హోలీ జాక్సన్ 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' తప్ప ఇంకోటి తట్టట్లేదు. 2019లో వచ్చింది, మూడు భాగాలు, మూడూ వచ్చేశాయి కాబట్టి ఎదురుచూపులు లేవు. ఊళ్లో ఓ అమ్మాయి హత్య జరిగింది. చేసింది ఆమె బాయ్‌ఫ్రెండే అని కేసు మూసేశారు, అతనూ చనిపోయాడు. ఐదేళ్ల తర్వాత పిప్ అనే అమ్మాయి ఆ కేసునే స్కూలు ప్రాజెక్టుగా తీసుకుంటుంది. పేజీ తిప్పితే ఒకచోట ఇంటర్వ్యూ టేపు రాతప్రతి, ఇంకోచోట ప్రాజెక్టు డైరీ, మెసేజ్‌లు. నవల చదువుతున్నట్టుండదు, ఎవరిదో ఫైలు దొంగచాటుగా తిరగేస్తున్నట్టు ఉంటుంది. పేరులో గర్ల్ అని ఉందని అబ్బాయిలు ముట్టుకోరు కొందరు. కవర్‌కి అట్ట వేసి ఇవ్వండి :)

ఇంకోటి జేసన్ రేనాల్డ్స్ 'లాంగ్ వే డౌన్', 2017. పదిహేనేళ్ల విల్ అన్నని కాల్చి చంపేస్తారు. ఆ వీధిలో కొన్ని నియమాలున్నాయి: ఏడవకూడదు, ఎవరి పేరూ చెప్పకూడదు, పగ తీర్చుకోవాలి. అన్న తుపాకీ నడుముకి దోపుకుని లిఫ్ట్ ఎక్కుతాడు. కిందకి దిగడానికి పట్టే ఒక్క నిమిషమే కథంతా. అంతస్తు అంతస్తుకీ లిఫ్ట్ ఆగుతుంది, ఎవరో ఎక్కుతారు. ఎక్కేవాళ్లెవరో చెప్పను.

మొత్తం వచన కవితల్లో ఉంటుంది. పేజీకి ఒక్కోసారి నాలుగు లైన్లే. "బోర్" అనేలోపు సగం అయిపోతుంది.

#5 నాన్నగారిలైబ్రరీ

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. ఒకటి హత్య, రెండోది తుపాకీ. పిల్లలకి పుస్తకం అడిగితే ఇవా చెప్పేది? బయట చూసేది చాలదా?

నాకు పన్నెండేళ్ల కూతురుంది. నేను పెట్టుకున్న పద్ధతి సింపుల్. అవార్డు వచ్చిన పుస్తకాల జాబితా తీసుకుని వరసగా కొనడం. పెద్దలు కూర్చుని చదివి ఎంచినవి కదా, మనకెందుకీ తలనొప్పి?

#6 పేజీమడత

అంకుల్, 'లాంగ్ వే డౌన్'కి 2018లో న్యూబరీ ఆనర్ (మెడల్ తర్వాతి గౌరవం) వచ్చింది. మీ జాబితాలోనే ఉంది అది.

#7 రెండోబెంచీ

:)

నాన్నగారిలైబ్రరీ గారూ, మీ ఆందోళన నాకు అర్థమవుతుంది, తీసిపారేసేది కాదు. కానీ అవార్డు అంటే ఏమిటో కాస్త చెబుతాను. న్యూబరీ 1922 నుంచి ఉంది, అమెరికాలో లైబ్రేరియన్ల సంఘం ఇస్తుంది. పద్నాలుగేళ్ల వరకు పిల్లలే దాని లెక్కలోకి వస్తారు. నీతి చెబుతోందా, పిల్లలు ఎగబడి చదువుతున్నారా అన్నవి చూడకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది. చూసేది రచన ఎంత బాగుందన్నది. అంటే ఆ ముద్ర "ఇది బాగా రాసిన పుస్తకం" అంటుంది తప్ప "ఇది మీ అమ్మాయికి నచ్చుతుంది" అనదు. "ఇందులో కష్టమైన విషయం లేదు" అని అసలే అనదు.

ప్రింట్జ్ అవార్డు 2000లో మొదలైంది, అది టీనేజ్ వాళ్ల పుస్తకాలకి. తమాషా ఏమిటంటే 'లాంగ్ వే డౌన్'కి ఆ ఏడాది న్యూబరీ ఆనరూ, ప్రింట్జ్ ఆనరూ రెండూ వచ్చాయి. పిల్లల పుస్తకమని వీళ్లూ అన్నారు, టీనేజ్ పుస్తకమని వాళ్లూ అన్నారు.

మామూలుగా మిడిల్ గ్రేడ్ అంటే ఎనిమిది నుంచి పన్నెండు, యంగ్ అడల్ట్ అంటే పన్నెండు నుంచి పద్దెనిమిది అంటారు. అవి పబ్లిషర్లు, దుకాణాలవాళ్లు అరల కోసం పెట్టుకున్న లెక్కలు. పిల్లలెప్పుడూ తమకన్నా రెండేళ్లు పెద్దవాళ్ల కథే చదువుతామంటారు. పన్నెండేళ్ల హీరో ఉన్న పుస్తకం పదేళ్లవాడు తీసుకుంటాడు, పన్నెండేళ్లవాడు ముట్టుకోడు.

వయసు కన్నా నేను చూసేది ఇంకొకటి. మిడిల్ గ్రేడ్‌లో పిల్లకి ఎంత కష్టమొచ్చినా ఇల్లో, స్నేహితులో, ఎవరో ఒకరు పట్టుకుని ఉంటారు, చివరికి కాస్త వెలుతురు ఉంటుంది. టీనేజ్ నవలలో ఆ హామీ ఉండదు. మీ అమ్మాయి ఆ హామీ లేని కథని తట్టుకోగలదా అన్నది మీకు తెలిసినంతగా ఏ కమిటీకీ తెలీదు.

#8 తొమ్మిదోక్లాసు

హాయ్. ఇక్కడ అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కానీ మాలో ఒక్కళ్లూ లేరు, అందుకే అకౌంట్ తెరిచా.

సాయంకాలం ఆంటీ, మీ అబ్బాయికి 'సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్' ఇవ్వండి. సుజాన్ కాలిన్స్, 2025 మార్చిలో వచ్చింది. పిల్లల్ని ఒకళ్లనొకళ్లు చంపుకునే ఆటలోకి పంపే హంగర్ గేమ్స్ సిరీస్‌లో హేమిచ్ అనే పాత్ర చిన్నప్పటి కథ. ఆ సంవత్సరం ఆటలోకి మామూలుగా వెళ్లే 24 మంది కాదు, 48 మందిని పంపుతారు. హేమిచ్ గెలుస్తాడని పాత పుస్తకాలు చదివినవాళ్లకి ముందే తెలుసు. అయినా నేను రాత్రి రెండింటిదాకా చదివా. గెలిచాడని మనకి చూపించింది ఎలా కత్తిరించి చూపించారో ఇందులో తెలుస్తుంది. టీవీలో, ఫోన్లో చూసేదేదీ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు తర్వాత. పాత మూడు భాగాలు చదవకపోతే ముందు అవి చదవమనండి, లేకపోతే సగం మజా పోతుంది.

ఇంకోటి చెప్పొచ్చా? పుస్తకం ఇచ్చాక "ఎంతవరకు వచ్చింది, ఏం నేర్చుకున్నావ్" అని అడగొద్దు ప్లీజ్. మా ఇంట్లో అలా అడుగుతారని నేను చదువుతున్నది దాచేసి చదువుతా.

#9 కామిక్సే_నా_లోకం

"ఏం నేర్చుకున్నావ్"! తమ్ముడూ, నా చిన్నతనం గుర్తుచేశావ్.

ఇంతసేపూ ఎవరూ గ్రాఫిక్ నవలల, అదే బొమ్మల్లో చెప్పే నవలల, ఊసే ఎత్తలేదేంటి? జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్', 2019. న్యూబరీ మెడల్ గెలిచిన మొదటి గ్రాఫిక్ నవల అదే, 2020లో. బొమ్మలు గీయడమంటే ప్రాణమైన జోర్డన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి డబ్బున్నవాళ్ల స్కూల్లో వేస్తారు. అక్కడ టీచర్లకి ఈ రంగు పిల్లలందరూ ఒకేలా కనిపిస్తారు, పేర్లు కలిపేస్తుంటారు. పుస్తకాలు సిఫారసు చేసేవాళ్ల మీద కూడా అందులో మంచి చురక ఉంది. తెల్ల పిల్లలకి మాయలూ సాహసాలూ, నల్ల పిల్లాడు కనిపిస్తే చాలు కష్టాలూ వీధి గొడవలూ ఉన్న పుస్తకం. మనందరం ఒకసారి చూసుకోవాల్సిన పేజీ అది.

పదిహేనేళ్ల అబ్బాయికైతే డాన్ శాంటాట్ 'ఎ ఫస్ట్ టైమ్ ఫర్ ఎవ్రీథింగ్'. నవల కాదు, తన పదమూడేళ్లప్పటి యూరప్ ట్రిప్ గురించి బొమ్మల్లో చెప్పుకున్న కథ. 2023లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. స్కూల్లో అందరిముందూ నవ్వులపాలై ముడుచుకుపోయిన కుర్రాడు, ఎవరికీ తను తెలియని చోట ఎలా ఉంటాడన్నదే కథ.

#10 నాన్నగారిలైబ్రరీ

బొమ్మల పుస్తకాలు చదవడం కూడా చదవడమేనా? గంటలో అయిపోతాయి. ఆ డబ్బుకి లావుపాటి నవల వస్తుంది.

#11 కామిక్సే_నా_లోకం

గంటలో అయిపోతుంది, నిజమే. తర్వాత మళ్లీ మొదలెడతారు. మీ లావుపాటి నవల ఎన్నిసార్లు చదివింది మీ అమ్మాయి?

#12 మోడరేటర్

ఈ గొడవకి ఇప్పటికే వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పుస్తకాల పేర్లు.

#13 సాయంకాలం

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్.

రెండోబెంచీ మాస్టారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఫ్రెండుకి వినిపించాలంటే ఏ చాప్టర్ అంటే టక్కున తీసింది. రోబో చెట్టూచేమలా వేషం వేసుకుని, కదలకుండా కూర్చుని, జంతువుల మాటలు వింటూ వింటూ వాటి భాష నేర్చేసుకునే భాగం. బాతుపిల్ల గురించి చెబుతుందేమో అనుకున్నా, దాని ఊసే లేదు. మరి ఇప్పుడు ఏం ఇవ్వాలి? ఇంకో షరతు. "జంతువు చచ్చిపోతే నేను చదవను" అని ముందే చెప్పేసింది.

#14 రెండోబెంచీ

అమ్మయ్య. ఇప్పుడు నా పని తేలికైంది. రోవర్ కథ తర్వాత ఇద్దురుగాని.

లిన్ కెల్లీ రాసిన 'సాంగ్ ఫర్ ఎ వేల్', 2019. ఐరిస్‌కి పన్నెండేళ్లు, వినపడదు. పాత రేడియోలు విప్పి బాగుచేయడంలో దిట్ట. క్లాసులో ఆమెతో సంజ్ఞల భాషలో సరిగా మాట్లాడేవాళ్లు లేరు, వచ్చినట్టు నటించేవాళ్లే. సైన్స్ క్లాసులో ఒక తిమింగలం గురించి తెలుస్తుంది. అది పాడే పాట 55 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మిగతా తిమింగలాలు పాడే స్థాయి వేరు. అందుకని దానికి జవాబిచ్చే తోడు లేదు. ఐరిస్ దానికి అర్థమయ్యే పాట తయారుచేయాలనుకుంటుంది. వినపడని పిల్ల పాట ఎలా కడుతుందన్నది మీరే చదవండి. రచయిత్రి సంజ్ఞల భాషకి దుబాసీగా పనిచేసినావిడ, అందుకే ఆ భాగాలు అంత నిక్కచ్చిగా ఉంటాయి. చేతులు కనిపించకపోతే మాట ఎలా తెగిపోతుందో, పక్కవాళ్లు గబగబా మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చోవడం ఎలా ఉంటుందో.

కదలకుండా కూర్చుని ఇంకో ప్రాణి భాష నేర్చుకునే చోటు నచ్చిన పిల్లకి ఇది పట్టకపోతే నేను ఆశ్చర్యపోతాను.

షరతు సంగతి: ఇందులో మొదట్లోనే ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక తిమింగలం ప్రస్తావన ఉంది, అది కథకి వెనకటి సంగతి. పాపకి ముందే చెప్పి ఇవ్వండి, దాచకండి. పిల్లలకి కోపమొచ్చేది జంతువు చనిపోయినందుకు కాదు, చెప్పకుండా మోసం చేశామని.

#15 గురుడిచుట్టూ

ఓడిపోయాను, మాస్టారూ. ఒప్పుకున్నా.

జంతువుల షరతు ఉందంటే ఒక హెచ్చరిక. క్యాథరిన్ రండెల్ 'ఇంపాజిబుల్ క్రీచర్స్' (2023) ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు, చెప్పాల్సిన పుస్తకమే. పురాణాల జీవులన్నీ ఇంకా బతికే ఉన్న దీవుల గుంపు, ఎగరగలిగే కోటు వేసుకున్న అమ్మాయి, ఆమె చంకలో గ్రిఫిన్ (సగం గద్ద, సగం సింహం) పిల్ల. వాక్యం వాక్యానికీ ఆగి మళ్లీ చదవాలనిపిస్తుంది. కానీ రండెల్ పిల్లల పుస్తకమని జాలి చూపదు. ముందు మీరు చదివి అప్పుడు ఇవ్వండి. రెండో భాగం 'ద పాయిజన్డ్ కింగ్' 2025లో వచ్చింది.

డేవ్ ఎగర్స్ 'ది ఐస్ అండ్ ది ఇంపాజిబుల్' కూడా. సముద్రం పక్క పార్కులో ఎవరికీ చెందకుండా తిరిగే కుక్క, యోహానెస్, పార్కులో జరిగేవన్నీ చూసొచ్చి ముసలి అడవిదున్నలకి చెప్పడం దాని ఉద్యోగం. గొప్పలు చెప్పుకోవడంలో దాన్ని మించినవాడు లేడు. 2024 న్యూబరీ దీనికే. ఇదే కథని ఒక పబ్లిషర్ పిల్లల కోసం, ఇంకో పబ్లిషర్ అన్ని వయసులవాళ్ల కోసం వేశారు, కథలో తేడా లేదు. ఆడియోబుక్ ఈతన్ హాక్ చదివాడు. ఇంట్లో అందరూ కలిసి వినొచ్చు.

#16 కొత్తచూపు

మా తమ్ముడి కూతురికి పద్నాలుగు. డ్రాగన్లు, యుద్ధ పాఠశాల ఉన్న 'ఫోర్త్ వింగ్' కావాలంటోంది, క్లాసులో అందరూ చదువుతున్నారట. కవర్ చూస్తే పిల్లల ఫాంటసీలాగే ఉంది. ఇవ్వొచ్చా?

#17 పేజీమడత

ఆగండాగండి. అది టీనేజ్ పుస్తకం కాదు, పెద్దవాళ్ల రొమాన్స్ ఫాంటసీ. పడగ్గది సన్నివేశాలు విడమరిచి ఉంటాయి. డ్రాగను ఉంటే పిల్లలదే అనుకుని దుకాణాల్లో కూడా పక్కపక్కనే పెట్టేస్తున్నారు. కవర్ చూసి మోసపోవద్దు, పబ్లిషర్ పెట్టిన వయసు చూడండి, ఏ విభాగంలో వేశారో చూడండి.

ఆ మూడ్ కావాలంటే రెబెకా రాస్ 'డివైన్ రైవల్స్', 2023. ఒకే పత్రికలో ఒకే ఉద్యోగం కోసం పోటీపడే ఇద్దరు. అమ్మాయి యుద్ధానికి వెళ్లిన అన్నకి ఉత్తరాలు టైపు చేసి బీరువా తలుపు కిందకి తోస్తుంది. అవి మాయమై ఆ పోటీదారు చేతిలో పడుతుంటాయి. ప్రేమ ఉంది, హద్దులో ఉంది, అయినా మీరొకసారి తిరగేసి ఇవ్వండి. రెండో భాగంతో అయిపోతుంది.

"వద్దు" అని మాత్రం ఊరుకోకండి అండీ. ఒకటి వద్దన్నప్పుడు ఇంకోటి చేతిలో పెట్టాలి, లేకపోతే ఆ వద్దన్నదే ఫోన్లో చదివేస్తారు. నాకు తెలుసు, నేను చదివేశా కాబట్టి.

#18 సాయంకాలం

అప్‌డేట్.

'గుడ్ గర్ల్స్ గైడ్' టేబుల్ మీద పెట్టాను, అట్ట వేయలేదు. చూసి "అమ్మాయిల పుస్తకం" అన్నాడు. సరే అని 'లాంగ్ వే డౌన్' పెట్టాను. తెరిచి "పేజీలు ఇంత ఖాళీగా ఉన్నాయేంటి" అన్నాడు, వెళ్లిపోయాడు. రెండు రోజులు అక్కడే పడుంది. తొమ్మిదోక్లాసు మాట గుర్తుపెట్టుకుని నేనూ నోరెత్తలేదు. తర్వాత దాని ఆడియో ఉందని తెలిసి, రచయితే స్వయంగా చదివాడని చూసి, లింక్ పంపాను. పాడ్‌కాస్ట్ బదులు అది విన్నట్టున్నాడు. పొద్దున లేచి "ఆ చివరి లైన్‌కి అర్థం ఏంటి? ఇంకేం రాయలేదా?" అని నన్నడుగుతున్నాడు. నేనింకా చదవలేదు, చెప్పొద్దురా అన్నాను. ఇప్పుడు పుస్తకం వాడి గదిలో ఉంది.

తర్వాతేంటి? వాడు మళ్లీ "బోర్" అనేలోపు చెప్పండి.

#19 పేజీమడత

యెస్!!

వెంటనే ఇంకో లావు పుస్తకం వద్దు. 'ద బ్లూ బుక్ ఆఫ్ నీబో' ఇవ్వండి, మానన్ స్టెఫన్ రోస్. చిన్నది. ప్రపంచం ఆగిపోయాక మారుమూల ఇంట్లో మిగిలిన తల్లి, పద్నాలుగేళ్ల కొడుకు. ఒకే నోటుబుక్‌లో వంతులవారీగా రాసుకుంటారు, ఒకరిది ఒకరు చదవకూడదని ఒప్పందం. వెల్ష్ భాషలో రాసి రచయిత్రే ఇంగ్లీషులోకి తెచ్చారు. 2023లో బ్రిటన్ వాళ్ల కార్నెగీ మెడల్ వచ్చింది, అనువాదానికి ఆ మెడల్ రావడం అదే మొదటిసారి. ఇది మీరూ చదవాలి, తల్లి పేజీలు మీకోసమే.

దాని తర్వాత సబా తాహిర్ 'ఆల్ మై రేజ్', 2022. చిన్ననాటి స్నేహితులు సలాహుద్దీన్, నూర్, వాళ్ల మధ్య మాటల్లేవు. మూతపడబోతున్న మోటెల్, తాగుడు మానలేని తండ్రి, జబ్బుపడిన తల్లి. నేషనల్ బుక్ అవార్డు, ప్రింట్జ్ రెండూ వచ్చాయి. బరువైనది. మత్తుమందులు, ఇంట్లో హింస ఉన్నాయి. పదిహేనుకి సరిపోతుందనే నా ఉద్దేశం, కానీ పరీక్షల టైమ్‌లో ఇవ్వకండి.

బాస్కెట్‌బాల్ అన్నారుగా, క్వామీ అలెగ్జాండర్ 'ద క్రాసోవర్' మీ పదేళ్ల గీతకి అవతల పడుతుంది, 2014. అయినా చెబుతున్నా. అదీ కవితల్లోనే, ఆట ఆడుతున్నట్టే పదాలు పేజీ మీద గెంతుతుంటాయి. హీరోకి పన్నెండేళ్లు కాబట్టి మీవాడు "చిన్నపిల్లలది" అనే ప్రమాదం ఉంది.

#20 తొమ్మిదోక్లాసు

'లాంగ్ వే డౌన్' చివరి లైన్ గురించి నేను చెప్పనా? చెప్పను లెండి. మీ అబ్బాయిని ఇక్కడికి రమ్మనండి ఆంటీ.

#21 నాన్నగారిలైబ్రరీ

పేజీమడత గారు నన్ను అంకుల్ చేసిన దగ్గర్నుంచి మౌనంగా చదువుతున్నాను.

జాబితాలోంచి వీరా హిరానందానీ 'ద నైట్ డైరీ' తీసుకుని ఈసారి ముందు నేను చదివాను. 2018 పుస్తకం. 1947లో దేశం ముక్కలైనప్పుడు నిషా అనే పన్నెండేళ్ల పిల్ల, తండ్రి, కవల సోదరుడు, నానమ్మతో సరిహద్దు దాటడం. చనిపోయిన అమ్మకి రోజూ డైరీలో ఉత్తరం రాస్తుంది. ఎడారిలో నీళ్లు అయిపోయే భాగం దగ్గర నేను లేచి నీళ్లు తాగాను. ఇందులోనూ ఆ పిల్ల మెడ మీద కత్తి పెట్టే సన్నివేశం ఉంది. న్యూబరీ ఆనర్ పుస్తకం ఇది. అయినా ఇస్తున్నాను, ఎందుకంటే ఆ కత్తి పట్టుకున్నవాడు కూడా బాధలో ఉన్న మనిషే అని పుస్తకం మర్చిపోనివ్వదు.

హత్యల ప్రాజెక్టు సంగతి మాత్రం నా అభిప్రాయం మారలేదు. పన్నెండేళ్లకి వద్దు.

#22 రెండోబెంచీ

పన్నెండేళ్లకి నేనూ ఇవ్వను సార్. అందులో డ్రగ్స్ ఉన్నాయి, అమ్మాయి మీద అఘాయిత్యం ప్రస్తావన ఉంది. పద్నాలుగు దాటాక చూద్దాం.

'నైట్ డైరీ' నచ్చితే మీ అమ్మాయికి రెండోది ఉంది, 'అమిల్ అండ్ ది ఆఫ్టర్', 2024. సరిహద్దు దాటాక ఏమైందన్నది ఆ కవల సోదరుడి వైపు నుంచి. వాడు ఉత్తరాలు రాయడు, బొమ్మలు గీస్తాడు. కామిక్సే గారు నవ్వుకుంటూ ఉంటారు ఇప్పుడు.

#23 కామిక్సే_నా_లోకం

నవ్వుకుంటున్నా.

#24 సాయంకాలం

పాప 'సాంగ్ ఫర్ ఎ వేల్' పూర్తిచేసింది. ఒడ్డున పడ్డ తిమింగలం సంగతి ముందే చెప్పి ఇచ్చాను, "నువ్వు చెప్పావు కాబట్టి పర్లేదు" అంది. ఇప్పుడు వాళ్లమ్మతో సైగల్లో మాట్లాడుతోంది, మా అక్కకి ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పుస్తకంలో తిమింగలం నిజంగా ఉందా అని అడుగుతోంది. ఉందా?

#25 గురుడిచుట్టూ

ఉంది, పాపకి చెప్పండి. పుస్తకంలో 55 హెర్ట్జ్, నిజం దాంది 52. ఉత్తర పసిఫిక్‌లో 1989లో మొదటిసారి దాని గొంతు రికార్డయింది. జలాంతర్గాముల కోసం అమెరికా నౌకాదళం సముద్రంలో పెట్టిన మైకుల్లో పడింది. తర్వాత ఏళ్ల తరబడి ఆ పాటని బట్టే శాస్త్రవేత్తలు దాని దారి గుర్తించారు. ఎవరూ కళ్లతో చూసింది లేదు. నీలి తిమింగలానికీ ఇంకో జాతికీ పుట్టిన సంకరం కావచ్చని ఒక ఊహ. ఒంటరి అన్నది మనం తగిలించిన మాటే, మిగతావాటికి దాని పాట వినపడదని ఎవరూ తేల్చలేదు.

#26 రెండోబెంచీ

అడిగింది కాబట్టి తర్వాతది కూడా సిద్ధం చేసుకోండి సాయంకాలం గారూ. అదే రచయిత్రి 2024లో 'ద సీక్రెట్ లాంగ్వేజ్ ఆఫ్ బర్డ్స్' రాశారు. వేసవి శిబిరానికి వెళ్లిన అమ్మాయి, అక్కడ చిత్తడి నేలలో కనిపించిన అరుదైన కొంగల జంట. గూడు మీద కెమెరా పెట్టి చూస్తుంటారు. షరతు సంగతి ముందు మీరొకసారి చదివి చూసుకోండి, గూడు, గుడ్లు ఉన్న కథ కదా.

రోవర్ దాని తర్వాత.